దొర దీపానికి మా గుండం నీళ్లు

నీళ్లను పొద్దంతా గుట్ట మీదికి ఎక్కించి, మాపటికి కిందికి దించితే దీపాలు వెలుగుతాయని నేను మొట్టమొదట విన్నది మా మామ నోట. అప్పుడాయన అన్నం తింటున్నాడు, నేను వడ్డిస్తున్నాను. పాన్‌గల్ నుంచి కాపురానికి వచ్చిన కొత్త. మామ ముందర నోరు విప్పే కోడలు మా దిక్కున ఇంకా పుట్టలేదు కాబట్టి ఊరుకున్నాను. విప్పి ఉంటే ఆ పూటే విస్తరి ముందు నుంచి లేచిపోయేవాడు.

మా అత్తగారి ఊరు ఖిల్లా ఘణపురానికి ఇవతల, బాట నుంచి కాస్త లోపలికి ఉంటుంది. ఊరికి ఒక పక్కన గుట్ట, గుట్ట మీద పాడుబడ్డ చిన్న కోట. గుట్ట కింద దొర ఉండే గడి, గడికి అవతల చెరువు. ఊళ్లో బావులు లేకపోలేదు. అన్నీ ఉప్పు. ఆ నీళ్లతో పప్పు ఉడకదు, తాగితే దాహం తీరకపోగా ఇంకాస్త పెరుగుతుంది. మేం తాగేవి గుట్ట మీది గుండం నీళ్లు. కోట కట్టినవాళ్లు రాయి తొలిచి చేసిన గుండం అది. వానకు నిండితే మళ్లీ వానదాకా ఊరికి అవే.

ఆ గుండానికి ఒక పద్ధతి ఉండేది. మిర్గం కార్తె ముందర, వానలు ఇంకా పడక నీళ్లు అడుగంటినప్పుడు, ఆడవాళ్లమంతా చీపుర్లు, గంపలు పట్టుకుని గుట్ట ఎక్కేవాళ్లం. అడుగు బురదంతా ఎత్తిపోసి, రాయిని బూడిదతో తోమేవాళ్లం. గుండం అడుగున ఒక తూటు, దానికి గుడ్డ చుట్టిన వేపకట్టె బిరడా. మొదటి వానకు బిరడా తీసి పెట్టేవాళ్లం. గుట్ట మీద ఏడాది పొడుగునా పడిన మేకపెంటికలు, ఆకులు, దుమ్ము ఆ నీళ్లతో కొట్టుకుపోవాలి. రెండో వానకు బిరడా బిగించేవాళ్లం. నిండిన తరువాత ఊళ్లో ఒక పెద్దామె దోసిట్లో నీళ్లు తీసుకుని రుచి చూసేది. ఆమె మింగి, 'ముంచుకోండ్రి' అంటేనే కడవలు దిగేవి. నేను వెళ్లేనాటికి ఆ పెద్దరికం మా అత్తది. చెప్పులేసుకుని గుండం దగ్గరికి పోవడం లేదు, కాలు పెట్టడం అసలే లేదు. మాల మాదిగ ఆడవాళ్లు కింది మెట్టు మీద నిలబడితే మేం పైనుంచి పోసేవాళ్లం. మా శుభ్రంలో ఆ మురికి కూడా కలిసే ఉండేది, దాన్ని తోమడానికి మాకు బూడిద దొరకలేదు.

ఈ పనుల్లో మగవాళ్లెవరూ వేలు పెట్టేవాళ్లు కాదు. చెరువు మగవాళ్లది, గుండం ఆడవాళ్లది. చెరువు తూము ఎప్పుడు తెరవాలి, ఎవరి మడికి ముందు పారాలి అని తలలు పగలగొట్టుకునేవాళ్లు గానీ, తాగే చెంబులోకి నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయో వాళ్లకు పట్టేది కాదు. పొద్దున లేస్తే బిందె నిండి ఉంటుంది. బిందెకు కాళ్లున్నాయని అనుకున్నారేమో.

ఇక దొర సంగతి. ఆయనకు పట్నం సోకులు. గడిలో ఎలక్ట్రిక్ దీపాలు పెట్టాలని ఒక ఇంజన్ తెప్పించాడు. అది డబడబమని మోగుతుంటే దీపాలు వెలిగేవి గానీ, గడిలో పాట కచేరీ పెట్టుకుంటే పాడే మనిషి నోరు కదలడం తప్ప ఏమీ వినపడేది కాదట. ఇంజన్‌ను చెరువు కట్ట దాకా జరిపి చూశారు. ఊరు సద్దుమణిగితే ఆ మోత అక్కడి నుంచి కూడా వచ్చేది. దీపం కావాలి, చప్పుడు ఉండొద్దు. ఇదీ దొరగారి కష్టం. ఊళ్లో ఇంకెవరికీ కష్టాలు లేనట్టు ఆ కష్టం తీర్చడానికి పట్నం నుంచి ఒక ఇంజనీరు వచ్చాడు. పగలు కట్ట మీది ఇంజన్‌తో చెరువు నీళ్లు గుట్ట మీదికి ఎక్కించాలి, పొద్దుగూకాక ఇంజన్ ఆపి, ఆ నీళ్లను గొట్టంలో కిందికి వదలాలి. గుట్ట కింద చక్రం తిరుగుతుంది, గడిలో దీపాలు చప్పుడు లేకుండా వెలుగుతాయి. తెలివైన పనే. ఆ తెలివి మీద నాకిప్పటికీ కోపం లేదు.

దొర ఊరి పెద్దలను కట్ట మీదికి పిలిపించాడు. మా మామ వాళ్లలో ఒకడు. మామూలుగా దొర తానా అంటే తందానా అనే ఆ పెద్దలు, ఆ రోజు మాత్రం నోరు తెరిచి అడిగారట. చెరువు నీళ్లు తగ్గితే మళ్ల గతేంది అని. ఇంజనీరు ఓపిగ్గా చెప్పాడట. తగ్గవని, పైకి పోయినవన్నీ కాలువలో పడి మళ్లీ చెరువుకే వస్తాయని. మావాళ్లు ఆ మాటతో ఊరుకోలేదు. కట్ట మైసమ్మ ముందర దొర మనిషితో ఒట్టు పెట్టించారు. తరువాత యాట కోశారు.

ఆ యాట మాంసమే నేను మామకు వడ్డిస్తున్నది.

"ఒక్క చుక్క తక్కువ గాదు. మైసమ్మ మీద ఒట్టేయించినం. మాతోని ఏందనుకున్నరు" అన్నాడు మామ. గెలిచి వచ్చిన మనిషి ముఖం.

అత్త గడప దగ్గర కూర్చుని వింటోంది. "పైకంటే యాడికి ఎక్కిస్తరు?" అంది.

"గుట్ట మీదికి. గుండం ఉండనే ఉన్నది గద. కొత్తగ తవ్వే పని గూడ లేదు."

"మరి తాగే నీళ్లు?"

మామ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఆ ముఖం నేను చూశాను. ఆయనకు తట్టలేదు. అంతమంది పెద్దమనుషులు, మీసాలు, తలపాగాలు, మధ్యాహ్నం దాకా వాదించి, మైసమ్మను సాక్షిగా పెట్టుకుని, ఒక్కరికి కూడా తట్టలేదు. నీళ్లంటే వాళ్లకు వరి మడిలో పారేవే. వాళ్లు తవ్వినది, కాపలా కాసినది, కొట్టుకున్నది ఆ నీళ్ల కోసమే. నెత్తిన మోసేవి కూడా నీళ్లేనని వాళ్లెవరికీ తెలియదు.

కాసేపటికి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. "ఊర్లె బాయిలు లేవా?" అన్నాడు.

"నువ్వు తాగుతవా ఆ నీళ్లు?"

"దొరతోని మాటైపోయింది. యాట గూడ కోసినం" అని చెయ్యి కడుక్కున్నాడు. గుండం నీళ్లతోనే కడుక్కున్నాడు.

మర్నాడు అత్త ఇంకొందరు ఆడవాళ్లను వెంటబెట్టుకుని గడికి పోయింది, నన్నూ తీసుకుపోయింది. దొరసాని ఊయల మీద కూర్చుని పాన్ నములుతోంది. మా మాట విన్నది. ఆమెకు తప్పు పట్టడానికి లేదు, చివరిదాకా విన్నది. తరువాత, "గడిల మాకు చేదబాయి ఉన్నది, మంచి నీళ్లే. మీరు జర బట్టతోని వడగట్టుకుంటె ఏమైతది?" అంది. మా అందరి చీరలను ఒకసారి చూసింది, ఏ బట్టతో వడగడతామో అనుకున్నట్టు. ఆ తరువాత మాకు ఒక్కొక్క తమలపాకు ఇప్పించింది. నేను గడి గేటు దాటగానే పారేశాను.

అత్త ఇంటికొచ్చి మామ మీద పడింది. ఆయన సాయంత్రం తలపాగా చుట్టుకుని దొర దగ్గరికి బయల్దేరాడు. చీకటి పడకముందే నోరు ఎర్రగా చేసుకుని వచ్చాడు.

"దొర మంచిగ మాట్లాడిండు" అన్నాడు.

"నీళ్ల సంగతి?"

"దొర నోటెంట ఆ మాట వస్తె నేను గూడ చెప్దమనుకున్న. రాలే."

ఆయన ఉమ్మడానికి పోతుంటే అత్త దారి వదిలి పక్కకు జరిగింది.

కార్తీకంలో పని మొదలైంది. గుండం అప్పుడు నిండుగా ఉంది, అడుగు రాయి కనపడేంత తేటగా. ఇంజనీరు మనుషులు చెప్పులతో దిగారు. మా బిరడాను బయటి కొసన నరికేసి, ఆ తూటును అటు నుంచే సిమెంటుతో మూసేశారు. దానికి జానెడు పైన బయటి నుంచే రాయి తొలిచి గొట్టం బిగించారు, అడుగు బురద చక్రంలోకి పోకుండా. వాళ్ల చక్రానికి బురద పనికిరాదు. ఆ జాగ్రత్త చూసి నాకు ఒళ్లు మండిపోయింది.

మొదటి సాయంత్రం చెరువు నీళ్లతో పని పడలేదు. గుండంలో ఉన్నవే వదిలారు. మేం తోమి, మొదటి వాన విడిచిపెట్టి, రెండో వాన పట్టుకుని దాచుకున్న నీళ్లు, మళ్లీ మిర్గందాకా మేం తాగాల్సిన నీళ్లు, గొట్టంలో బుసబుసమంటూ దిగిపోయాయి. గడిలో దీపాలు వెలిగాయి. ఊరంతా చూడటానికి పోయింది. చప్పట్లు కొట్టారు కూడా. మా అత్త మాత్రం ఖాళీ కడవ పట్టుకుని గుట్ట మీద నిలబడింది, చూస్తుండగానే నీళ్లు మెట్టు తరువాత మెట్టు దిగిపోయాయి.

మర్నాడు ఇంజన్ చెరువు నీళ్లు ఎక్కించింది. మా చెరువు ఎలాంటిదో చెప్పాలి. బర్రెలు దాంట్లోనే పడుకుంటాయి. చాకలివాళ్లు ఉతికేది దాంట్లోనే. ఒక మూల జనుము నానబెడతారు, ఆ కుళ్లు వాసన కట్ట మీద నడిచేవాడిని ముక్కు మూసుకునేలా చేస్తుంది. పొద్దున్నే మగవాళ్లు చెంబులు పట్టుకుని కూర్చునేది ఆ కట్ట వారనే. మడికి ఇవేవీ అడ్డం కావు, వరికి అది బలమే. ఆ నీళ్లు మా గుండంలోకి వచ్చి పడ్డాయి. పచ్చగా, జిగటగా, పైన నురగతో. జలగలు వచ్చాయి, కప్పగుడ్లు వచ్చాయి, చిన్న చేపలు వచ్చి ఎండకు తెల్లకడుపులు పైకి పెట్టి తేలాయి. మా అత్త దోసిట్లోకి తీసుకుంది గానీ నోటిదాకా తేలేదు. నాకు అక్కడే వాంతి అయింది.

ఒక్క సంగతి మాత్రం మారింది. ఆ తరువాత గుండంలో ఎవరు ఏ మెట్టు మీద నిలబడి ముంచుకున్నా అడిగేవాళ్లు లేరు. పాడైన నీళ్లకు మడి ఎందుకు? మేం మంచివాళ్లమై కాదు ఆ మెట్టు వదిలింది.

కొన్నాళ్లకు దొర చుట్టుపక్కల దొరలను పిలిచి విందు పెట్టాడు. వెట్టికి ఇంటింటి ఆడవాళ్లూ రావాలని కబురు. మా ఇంటి నుంచి అత్తా నేనూ పోయాం. ముంగిట్లో మోదుగు విస్తళ్లు పరిచారు, పైన దీపపు బుడ్లు కళ్లు చెదిరేలా వెలుగుతున్నాయి. చప్పుడు లేదు. ఎవరో పాడుతుంటే ప్రతి మాటా వినపడుతోంది. దొర ముఖంలో సంతోషం చూడాలి. దొరలకు వెండి గ్లాసుల్లో చేదబావి నీళ్లు. ఊరి పెద్దల వరసకు గుండం నీళ్లు. ఆ వరసలో కడవలు పట్టుకుని పోస్తున్నది వాళ్ల భార్యలే, వాళ్లలో మా అత్త ఒకతె.

తిండి సగంలో ఉండగా దొర నవ్వుతూ మా మామ వైపు తిరిగాడు. "ఏం పెద్దమనిషి, గుండం నీళ్లు ఖరాబైనయని ఆడోళ్లు గడికొచ్చి పరేషాన్ చేసిండ్రట. నిజమేనా? నువ్వు తాగి చెప్పు" అన్నాడు. అందరూ చూస్తున్నారు. ఇంజనీరు కూడా తినడం ఆపి చూస్తున్నాడు. ఆయన ముఖంలో వేళాకోళం లేదు. నిజంగానే తెలుసుకోవాలనుకున్నాడేమో. ఇంతకంటే మంచి అదును ఏ మనిషికీ రాదు. ఒక్క మాట. 'ఖరాబైనయి దొరా' అంటే చాలు. దొర నోటెంట రావాలని ఆయన ఎదురుచూసిన మాట, దొర నోటెంటే వచ్చింది.

మామ చెంబు ఎత్తాడు. అత్త పోసింది, నిండుగా, చెంబు అంచు దాకా. ఆయన ఒకసారి ఆమె వైపు చూశాడు. తరువాత ఎత్తిపట్టి గటగటా తాగేశాడు. గొంతుముడి పైకీ కిందికీ ఆడడం నాకు దీపం వెలుగులో స్పష్టంగా కనపడింది. మీసం మీద పచ్చటి నాచు పోగు ఒకటి అంటుకుంది.

"అమృతం లెక్కున్నయి దొరా" అన్నాడు.

దొరలు నవ్వారు. ఇంజనీరు మళ్లీ తినడం మొదలుపెట్టాడు. వరసలో మిగతా పెద్దలు కూడా ఒకరి తరువాత ఒకరు చెంబులు ఎత్తారు. ఎవరి భార్య ఎవరికి పోస్తోందో మాకందరికీ తెలుసు. ఆ రోజు నాకు పుట్టిన అసహ్యం చెరువు కుళ్లు చూసినప్పుడు కూడా పుట్టలేదు. చెరువుకు నోరు లేదు.

అప్పటి నుంచి మేం ఆడవాళ్లం వాగుకు పోవడం మొదలుపెట్టాం. పొద్దు పొడవకముందే బయల్దేరి, ఇసుకలో చెలిమె తోడుకుని, గిన్నెతో గిన్నెడు గిన్నెడు ఊరబెట్టుకుని తెచ్చేవాళ్లం. గుట్ట దగ్గర, వాగు దూరం. ఇంట్లో అందరం చెలిమె నీళ్లే తాగాం, మామ తప్ప. అత్త ఆయనకు చెలిమె బిందె చూపించింది కూడా. ఆయన తాగలేదు. దొర ఎదుట అమృతమన్న నోరు, ఇంటికొచ్చి వేరే నీళ్లు తాగితే పెద్దరికం పోతుంది. గుండం నీళ్లు వేరే కుండలో పోయించుకుని, అరుగు మీద కూర్చుని, నలుగురూ చూసేలా తాగేవాడు. వడగట్టి ఇస్తానన్నా వద్దన్నాడు. వడగడితే మురికి ఉన్నట్టు ఒప్పుకున్నట్టే కదా.

అంతలో లడాయి వచ్చింది, దేశాల మధ్య పెద్ద యుద్ధం. ఇంజన్‌కు నూనె దొరకలేదు. కొన్నాళ్లు దీపాలు మినుకుమినుకుమని, తరువాత అవీ లేవు. గడిలో మళ్లీ కందిళ్లు వెలిగాయి. ఇంజనీరు పట్నం పోయాడు, ఇంజన్‌ను ఎవరో బండి కట్టించుకుని తీసుకుపోయారు. దొర దాని ఊసే మరచిపోయాడు, ఆయనకు వేరే సరదాలు దొరికాయి. గుట్ట మీద గొట్టం మిగిలింది, సిమెంటు మిగిలింది, గొట్టం కింది జానెడు కుళ్లునీళ్లు మిగిలాయి. వానలు పడ్డా ఆ కుళ్లు మీదే పడ్డాయి. బిరడా లేదు, కడుక్కునే దారి లేదు.

మరుసటి ఎండాకాలం మామ కాలికి బొబ్బ లేచింది. పగిలితే తెల్లగా దారప్పోగులా పురుగు తల బయటపెట్టింది. నారికురుపు. చెరువు నీళ్లు తాగినవాళ్లకు లేస్తుందని మా దిక్కున పిల్లలకు కూడా తెలుసు. దాన్ని లాగితే తెగుతుంది, తెగితే కాలు కుళ్లుతుంది. చీపురుపుల్లకు చుట్టి రోజూ కొంచెం కొంచెం తిప్పాలి. అత్త ఆ పని చేసేది. ఆయన కాలు ఒళ్లో పెట్టుకుని, వేడినీళ్లు పోస్తూ, ఊపిరి బిగబట్టి తిప్పేది. ఆయన పళ్లు కొరుక్కునేవాడు. వాసనకు నేను కొంగు అడ్డం పెట్టుకునేదాన్ని, ఆమె పెట్టుకునేది కాదు.

ఒకనాడు అరుగు మీద ఆ పని జరుగుతుండగా దొర గుర్రం మీద ఆ వీధిన వచ్చాడు. మమ్మల్ని చూసి ఆగాడు. ఆయనకు పాత ముచ్చట యాదికొచ్చింది కాబోలు. "ఏం పెద్దమనిషి, నీళ్లెట్లున్నయి?" అన్నాడు నవ్వుతూ.

మామ లేవబోయాడు. కాలు ఆమె ఒళ్లో ఉంది, పురుగు పుల్లకు ఉంది, లేవలేకపోయాడు. కూర్చునే చేతులు జోడించాడు.

"మంచిగున్నయి దొరా."

గుర్రం పోయింది. అత్త చెయ్యి ఆగింది. ఆయన కాలు మెల్లగా ఒళ్లోంచి దించి, పుల్ల ఆయన చేతిలో పెట్టింది.

"నువ్వే చుట్టుకో" అంది.

లోపలికి పోయి గోడకు ఆనించిన గడ్డపార తీసుకుంది. నేను గంప పట్టుకుని వెంట నడిచాను. దారిలో ఒక్కరిని పిలవలేదు గానీ, గడ్డపార భుజాన వేసుకుని మా అత్త గుట్ట ఎక్కడం చూసి ఆడవాళ్లు ఇళ్లలోంచి వచ్చారు. కింది మెట్టు వాళ్లూ వచ్చారు. ఒకరి తరువాత ఒకరం పొడిచాం. ఆ సిమెంటు గట్టిది, ఇంజనీరు పని మంచి పనే. మధ్యాహ్నం దాటాక పగిలింది. నల్లటి నీళ్లు కుళ్లు కంపు కొడుతూ గుట్ట మీంచి జారి, వాళ్లు తవ్విన కాలువలోనే పడి, చెరువులో కలిశాయి. ఒక్క చుక్క తక్కువ కాకుండా చేరాయి. మైసమ్మ మీద ఒట్టు నెరవేరింది.

గుండాన్ని తోమాం. మొదటి వాన వదిలాం. కొత్త బిరడా చెక్కించి, గొట్టం మూతికి గుడ్డలు కుక్కి, రెండో వాన పట్టాం. నిండినంక అందరం ఎక్కాం. ఈసారి మామ కూడా వచ్చాడు, కర్ర పట్టుకుని, కుంటుతూ. ఆ గుట్ట ఆయన నీళ్ల కోసం ఎక్కడం అదే మొదలు.

అత్త దోసిట్లోకి తీసుకుంది. నోట్లో పోసుకుని కాసేపు ఉంచుకుంది. ఉమ్మేసింది. ఎంత తోమినా రాయి సందుల్లో ఇంకిన కుళ్లు పోలేదు.

"ఎట్లున్నయి?" అన్నాడు మామ.

"నువ్వే చెప్పు. నీకు తెల్వని రుచా" అంది.

ఆయన కర్ర పక్కన పెట్టి వంగాడు. పుడిసిట్లోకి తీసుకుని నోట్లో పోసుకున్నాడు. అందరం చూస్తున్నాం. ఆయనా ఉమ్మేశాడు. మీసం తుడుచుకుని, గుట్ట కింద గడి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి అన్నాడు.

"బాగలేవు."

గడిదాకా అక్కడి నుంచి అరిచినా వినపడదు. మేం కడవలు ఎత్తుకుని చెలిమెకు బయల్దేరాం.